ఫిల్మ్‌నగర్ వాలులో ఎత్తైన బండి

మా అమ్మాయి కొండదారులకూ దూరప్రయాణాలకూ చేసిన పెద్ద మోటార్‌సైకిల్ కొని ఇంటికి తెచ్చిన రోజు, అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాను. యంత్రాల కర్మాగారంలో డిజైన్ విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి, అలవాటు పోదు. అమ్మాయి సినిమాల్లో సహాయ దర్శకురాలు. కాస్త పొట్టి. ఆ రోజు డైరీలో సీటు ఎత్తు గురించే ఎక్కువ రాసుకున్నాను.

వారం తిరక్కుండా ఫిల్మ్‌నగర్ ఎత్తురోడ్డులో సిగ్నల్ దగ్గర బండితో సహా పడింది. కాలు దించితే నేల అందలేదట. మళ్ళీ మా అపార్ట్‌మెంట్ గేటు ముందు వాలులో పడింది. మోచెయ్యి దోక్కుపోయింది కానీ, నలుగురూ చూశారన్నదే దాని బాధ.

షూటింగుల్లో పొట్టి నటుడు పొడుగు నాయిక పక్కన నిలబడాలంటే కాళ్ళ కింద చెక్కపెట్టె వేస్తారు. అలాంటిదొకటి తెచ్చుకుని, దాని మీద నిలబడి బండెక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కడం సరేనే, సిగ్నల్ దగ్గర పెట్టె ఎవరు వేస్తారు? నేను మోసుకుంటూ వెనకాల పరిగెత్తనా?" అంది మా ఆవిడ.

"అమ్మేస్తాలే అమ్మా. ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు."

కాలేజీ రోజుల నుంచి ఆ బండి బొమ్మ దాని గది గోడ మీద ఉంది. అందుకే ఆ మాట నాకు మింగుడుపడలేదు.

"స్ప్రింగులు మార్చి సీటు కిందికి దించేస్తారట కదా నాన్నా?" అని అడిగింది మర్నాడు.

దించొచ్చు. కానీ ఆ ఎత్తు ఎవరి గొప్ప కోసమో పెట్టింది కాదు. రాయి తగిలితే చక్రం జానెడు పైకి లేవాలి, అంత చోటు వదలాలి. ఇంజను అడుగు రాళ్ళకు తగలకూడదు, కాబట్టి ఇంజను పైకి వెళ్ళింది, దాంతో సీటూ వెళ్ళింది. బండిని దించితే పక్క స్టాండు పొడవైపోతుంది, బండి నిటారుగా నిలబడి అవతలికి ఒరిగిపోతుంది. నడిపేవాళ్ళు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడినప్పుడు మోకాళ్ళు దగ్గరగా ఆనాలని ట్యాంకును వెనకవైపు సన్నగా చేశారు. ఎక్కడో ఎవరో నాలాంటి మనిషి ఆ వంపు కోసం ఎన్ని గీతలు చెరిపి ఉంటాడో!

"రెండు కాళ్ళూ ఆనాలని ఎవరన్నారే? తుంటి కొంచెం పక్కకి జరుపు. ఎడమకాలు నేల మీద, కుడికాలు బ్రేకు మీద. అంతే," అన్నాను.

"కాలు ఎక్కడ పడుతుందో కిందికి చూడాలి కదా. చూస్తే పడుతున్నా." అని ఆగింది. "మార్కు వేస్తే?"

నటుడు కిందికి చూడకుండా నడిచొచ్చి సరిగ్గా ఆగాలని సెట్లో నేల మీద టేపు అంటిస్తారు. అది వేయించే పని మా అమ్మాయిదే. తన కోసం తానే మా సెల్లారు వాలులో టేపు అంటించుకుంది. ఎదురుగా గోడను చూస్తూ వచ్చి ఆగడం, కాలు దించడం. తప్పితే "ఇంకో టేక్" అని తనకు తనే చెప్పుకునేది. నేను వెనక కడ్డీ పట్టుకుని నడిచేవాణ్ణి. అంత బరువు పడితే నేను ఆపలేనని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం బండి చూస్తానన్నాయన ఊరి అవతలి కొస నుంచి వచ్చాడు. మంచి పొడగరి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు నిండుగా ఆనాయి.

"మస్తుంది సార్ బండి. నా కోసమే చేసినట్టున్నది."

అమ్మాయి ముఖం నేను చూడలేకపోయాను.

"ఒక్క రౌండ్ వేసొస్తా అన్నా, ఇంజను శబ్దం విందురుగాని," అని తాళం తీసుకుని రోడ్డెక్కింది. కాసేపటికి తిరిగొచ్చి గేటు ముందు వాలులో, తను పడిన చోటే, ఆపింది. అక్కడ టేపు లేదు. చూపు ఎదురుగా ఉంది. ఎడమకాలు నేలను తాకింది. బండి కదల్లేదు. తనూ దిగలేదు.

"ఏంది మేడం, దిగుతలేరు?"

"టీ తాగి వెళ్ళండన్నా," అంది అమ్మాయి నవ్వుతూ.

"టీ కోసం గింత దూరం వచ్చిన్నా నేను?" ఆయన నా వైపు తిరిగాడు. "సార్, జర మీరన్నా చెప్పున్రి."

"చక్కెర ఎంత వేయమంటారు?" అన్నాను.