వెంకటప్పయ్య కూల్చిన విమానాలు

"నిజం చెప్పుర్రి పెద్దయ్యా, యుద్ధంల ఎన్ని విమానాలు కూల్చిండ్రు?"

ములకలపల్లి అవతల మిరపచేను గట్టు మీద, పదిమంది కూలీల ముందు అడిగేశాడు వీరన్న. చేలకు మందు కొట్టే తండా మనిషి అతను. వెంకటప్పయ్య డెబ్బై ఒకటి యుద్ధంలో ఫైటర్ పైలట్. ఊరి లెక్కలో ఐదు శత్రు విమానాలు కూల్చిన వీరుడు. పక్కనే నిలబడ్డ తమ్ముడు సీతయ్యకు అసలు లెక్క తెలుసు. అన్నయ్య నోట ఐదని వస్తే పట్టుకుందామని యాభై ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

"రెండు," అన్నాడు వెంకటప్పయ్య.

వీరన్న పగలబడి నవ్వాడు. "పెద్దయ్య రెండంటుండంటే ఏడన్న ఉంటయ్!"

సాయంత్రానికి ఊళ్ళో ఏడయ్యాయి. సీతయ్యకు అన్నం సయించలేదు. నిజం చెప్పి కూడా పెరిగిపోయే మనిషిని ఏం చేయాలి?

వైమానిక దళం పరీక్షకు సీతయ్య కూడా వెళ్ళాడు, అన్నయ్య తర్వాత రెండేళ్ళకు. కంటి పరీక్షలో తప్పాడు. యుద్ధమయ్యాక అన్నయ్య బెంగుళూరులో టెస్ట్ పైలట్ అయ్యాడు. ఫ్యాక్టరీలోంచి అప్పుడే బయటికొచ్చిన విమానాన్ని మొదట ఎగరేసి, దాని లోపాలు కాగితం మీద రాసివ్వడం పని. ఆ ఏళ్ళన్నీ తమ్ముడు పన్నెండెకరాలు దున్నాడు, బోర్లు వేయించాడు, అన్నయ్య వాటా డబ్బు ఏటా పంపాడు. అతనికెవరూ దండ వేయలేదు. ఇలాంటివాటికి మనం త్యాగమని పేరు పెట్టి చేతులు దులుపుకుంటాం. సీతయ్య దాన్ని కడుపుమంట అనే అనుకున్నాడు.

రిటైరై వచ్చినా అన్నయ్య అలవాటు పోలేదు. కొత్త మోటారు బిగించినా, ట్రాక్టర్ కొన్నా, తొడకు కాగితాల అట్ట కట్టుకుని వచ్చి నిమిషానికోసారి ఏదో రాసేవాడు. కూలీలు మోటారును మరిచి ఆయన్నే చూసేవాళ్ళు.

కిందటేడు సీతయ్య బ్యాంకు అప్పుతో మందు కొట్టే డ్రోను కొన్నాడు. వీరన్నకు శిక్షణ ఇప్పించి లైసెన్సు తెప్పించాడు. జన్మలో ఒక్కసారి ఊరు తలెత్తి తన వస్తువును చూడాలి. అంతే అతని కోరిక.

తొలిరోజు అన్నయ్య అట్ట కట్టుకుని రానే వచ్చాడు.

"ఒరే, ముందు ఖాళీ ట్యాంకుతో లేపు. తర్వాత నీళ్ళు పోసి చూద్దాం. మందు సంగతి రేపు."

"నా డ్రోనుకి నీ పరీక్షలేం అక్కర్లేదన్నయ్యా."

సీతయ్య ట్యాంకు నిండా మందు పోయించాడు. వీరన్న చేతిలోంచి రిమోటు లాక్కున్నాడు.

"వద్దయ్యా, గాలి మస్తుగున్నది! లైసెన్సు నాది!"

"డబ్బు నాదిరా!"

డ్రోను లేచింది. కూలీలంతా తలలెత్తారు. సీతయ్య అంత సుఖం ఎన్నడూ ఎరగడు. అంతలో గాలి దాన్ని పక్కకు తోసింది. వెనక్కి తిప్పబోయి అతను ఇంకా అటే తోశాడు. గట్టు మీది తాటిచెట్టుకు కొట్టుకుని అది ముక్కలై రాలింది.

"నవ్వు అన్నయ్యా, నవ్వు," అన్నాడు సీతయ్య.

వెంకటప్పయ్య గాలి ఎటు వీచిందో రాసుకుంటున్నాడు. "బెంగుళూరులో నేను మూడు పోగొట్టానురా," అన్నాడు తలెత్తకుండా. "మూడోసారి నడుం విరిగింది."

కూలీలు డ్రోనును వదిలేసి ఆయన చుట్టూ చేరారు.

"మూడా! ఎట్ల దుంకిండ్రు పెద్దయ్యా?" అంటున్నాడు వీరన్న.

సొంతవి పోగొట్టడంలోనూ అన్నయ్యదే పైచేయి. సీతయ్య రెక్కముక్కలు ఒక్కడే ఏరుకున్నాడు.

లైసెన్సు లేని మనిషి నడిపాడని బీమా రాలేదు. బ్యాంకుకు ఇంకా మూడు లక్షల పదివేలు కట్టాలి.