నెమ్మదిగా తొక్కేవాళ్ళే ముందు

మా సైకిల్ క్లబ్బుకి ఉన్నది ఒకటే రూలు. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళు అందరికంటే ముందుండాలి. వాళ్ళని దాటి వెళ్ళడానికి ఎవరికీ వీల్లేదు. వెనకబడ్డ మనిషి కాసేపు చూసి, "మీరెళ్ళండి" అని ఇంటికి తిరిగిపోతాడు, మరుసటి ఆదివారం ఇక రాడు. అందుకే పెట్టాను ఆ రూలు. నేను ధవళేశ్వరంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మెళ్ళో ఈల, ముక్కు మీద కోపం ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. రూలు తప్పిన కుర్రాళ్ళని నడిరోడ్డు మీద ఆపి కడిగేసేదాన్ని.

అవి తొంభైల చివరి రోజులు. ఊళ్ళో కాస్త చెయ్యి ఆడిన ప్రతివాడూ సైకిలు అమ్మేసి బండి కొంటున్నాడు. మేము మాత్రం ఆదివారం పొద్దున్నే కాలవ గట్టున పడి కడియం దాకా తొక్కి, మొక్కల తోటల దగ్గర టీ తాగి వచ్చేవాళ్ళం. "ఏంటండీ, పెట్రోలు ధర పెరిగిందనా?" అని వెక్కిరించేవాళ్ళు. "కాదండీ, మీ పొట్టలు పెరిగాయని" అనేదాన్ని.

క్లబ్బులో అందరికంటే ముందుండేది ఒకావిడ. అంటే అర్థమైందిగా, అందరికంటే నెమ్మది. నలభై దాటాక మా స్కూలు గ్రౌండులో నేనే సీటు పట్టుకుని నేర్పాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కింది పెదవి కరుచుకుని తొక్కేది. నాకంటే మొండిది. వాళ్ళాయన ధాన్యం కమీషన్ వ్యాపారి. మంచి మనిషే గానీ, భార్య సైకిలెక్కితే బజార్లో తన పరువు పోతోందని ఆయన బెంగ.

కార్తీకమాసంలో అన్నవరం సైకిళ్ళ మీద వెళ్దామని నేను ప్రకటించిన మర్నాడే ఆయన మా ఇంటికొచ్చారు.

"మేడం గారూ, మీ మాట కాదనలేక ఒప్పుకుంటున్నానండి. కొండ కింద దాకా తొక్కిందా, ఇక నేను నోరెత్తను. మధ్యలో ఏ బండి ఎక్కినా సరే, సోమవారం పొద్దున్నే ఆ సైకిలు అమ్మేస్తాను. తర్వాత మీరు అడక్కూడదు."

"అలాగేనండి" అన్నాను. ఒళ్ళు మండింది. కానీ ఆవిడ మీద నాకు నమ్మకం.

తెల్లవారకముందే బయల్దేరాం. ముందు ఆవిడ, వెనక మేము, అందరికీ వెనక ఆయన స్కూటరు. తీరా చూస్తే ఆవిడ ఆ రోజు ఉపవాసం! అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు తప్ప ఏదీ ముట్టదట. ఇంత దూరం తొక్కుతూ ఇదేం పనని కేకలేశాను. "స్వామి దగ్గరికి తింటూ వెళ్తామాండీ?" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "బిక్కవోలు దాటదు చూడండి, నా వెనక సీట్లో ఉంటుంది" అని మా కుర్రాళ్ళతో పందెం కాస్తున్నారు.

ఆ బిక్కవోలు దగ్గరే ఆవిడ పుట్టిల్లు. వాళ్ళ అన్నగారు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. పది నిమిషాలే అని నేను ఈల వేసి మరీ చెప్పాను. మా గోదావరి జిల్లాల్లో పది నిమిషాల మర్యాద అనేది ఎక్కడైనా ఉందా? గుమ్మం ముందు నుంచి పోయేవాణ్ణే తినకుండా పోనివ్వరు, పైగా వచ్చింది ఇంటి అల్లుడు. "బావగారూ, ఒక్క పెసరట్టండీ!" పెసరట్టు వెనక ఉప్మా, ఉప్మా వెనక పూతరేకులు. లేవబోతే, "పనసపొట్టు కూరకి ఆవ నూరుతున్నామండీ, భోంచెయ్యకుండా ఎలా వెళ్తారు?" అని ఆ ఇంటి ఇల్లాలు గరిటెతో అడ్డం నిలబడింది. మా కుర్రాళ్ళు అరుగు మీద చేరగిలబడ్డారు. అల్లుడుగారు పట్టెమంచం మీద నడుం వాల్చారు. మళ్ళీ ఈల వేశాను. ఒక్కడు కదిలితే ఒట్టు.

అరటిపండు తొక్క తీసి తింటూ ఆవిడ నా దగ్గరికొచ్చింది. "మేడం గారూ, ఇంకా ఆగితే నా కాళ్ళు బిగుసుకుపోతాయండి. నేను వెళ్తాను."

ముందున్న మనిషిని ఒంటరిగా ఎలా వదులుతాను? ఉప్మా ప్లేటు పక్కన పెట్టి నేనూ సైకిలెక్కాను.

పిఠాపురం దాటాక ఎదురుగాలి మొదలైంది. కత్తిపూడి ఇంకా రాకముందే ఆవిడ దిగిపోయింది. సైకిలు పక్కన పెట్టి మైలురాయి మీద కూర్చుండిపోయింది. యాత్రికులతో వెళ్తున్న ఆటో ఒకటి ఆగింది. "ఎక్కండమ్మా, సైకిలు పైన కట్టేస్తాను, అన్నవరమేగా!" అన్నాడు డ్రైవరు.

"ఎక్కెయ్యమ్మా. ఆయనకి చెప్పను, ఒట్టు" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పెళ్ళైన కాణ్ణించీ ఈ రోడ్డు మీద ఆయన స్కూటరు మీద పక్కకి తిరిగి కూర్చునే వస్తున్నానండి. ఎడంపక్క చేలు తప్ప ఏమీ చూళ్ళేదు. ముందుకి చూద్దామంటే ఆయన వీపు అడ్డం. ఇవాళ కొండ నాకు ఎదురుగా కనబడాలి."

నాకు ఏడుపొచ్చింది. డ్రిల్లు టీచరు రోడ్డు మీద ఏడిస్తే బాగుండదని గట్టిగా ఈల వేశాను. ఆటోవాడు బెదిరి వెళ్ళిపోయాడు.

కొబ్బరినీళ్ళు తాగి, కాసేపు నడిపించుకుంటూ, కాసేపు తొక్కుతూ సాగాం. కొండ కనబడగానే ఆవిడ బెల్లు కొట్టడం మొదలెట్టింది. అడ్డం ఎవరూ లేరు. ఊరికే, కొండ కిందికి చేరేదాకా కొడుతూనే ఉంది.

మేము వెళ్ళి కూర్చున్న చాలాసేపటికి స్కూటరు వచ్చింది. ఎక్కడ కూలబడిందోనని దారంతా వెతుక్కుంటూ వచ్చారట. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏ బండీ ఎక్కలేదాండీ?" అని నన్నడిగారు.

"ఎక్కలేదండి. మీ పనసపొట్టు కూర బాగుందా?" అన్నాను.

ఆయన వెళ్ళి ఒక కొబ్బరిబొండం కొట్టించుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. "తాగు. పెదాలు ఎండిపోయాయి" అన్నారు.

తర్వాతి ఆదివారం ఆవిడ వెనకాల ఆయన కూడా వచ్చారు, కొట్లో మూలన పడున్న పాత సైకిలు తోసుకుంటూ. "నేనూ వస్తానండి, మేడం గారూ." ఎక్కబోయి రెండుసార్లు తూలారు. ఎవరు ముందుండాలో తేలిపోయింది.

"మీరు ముందుండండి" అన్నాను.

"ముందా? నేనా?" ఛాతీ పొంగింది. వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ ఒకసారి చూసుకున్నారు, పెళ్ళికొడుకులా. రూలు సంగతి ఆయనకి తెలియదు. కుర్రాళ్ళు నవ్వాపుకోలేక చస్తుంటే కళ్ళురిమాను.

ఆవిడ మొదటిసారి రెండోస్థానంలోకి వచ్చింది, అంటే ప్రమోషనే. పక్కకి చేరి, "చెప్పమంటావా ఆయనకి?" అని గుసగుసగా అడిగాను.

"వద్దండీ" అంది కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ. "ఆయన వీపు చూస్తూ వెళ్ళడం నాకు అలవాటేగా. కాకపోతే ఇప్పుడు బ్రేకులు నా చేతిలో ఉన్నాయి."