మంజీర మొసలీ, మామ బర్రే

ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతిదీ పాసో, రిజెక్టో. మధ్యలో ఇంకేమీ ఉండేది కాదు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే ఫ్యాక్టరీలో లోపాలు పట్టే ఉద్యోగం నాది. (హోటల్లో ఇడ్లీని కూడా తిప్పి చూసేవాణ్ణంటే నమ్మండి.) అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసే అమ్మాయీ నేనూ పెళ్లి చేసుకుందామనుకున్నాం. మా ఇంట్లో సరేనన్నారు. ఇక వాళ్ల నాయిన ఒప్పుకోవాలి. ఆయనది మంజీర ఒడ్డున ఊరు, ప్రాణమంతా తన బర్రె మీదే. "మా నాయినతోని జెర పైలం. ఏమన్న అను గని బర్రెనేమనకు" అని ఆమె ముందే చెప్పింది. నేనేమో సంగారెడ్డి బస్తీలో పాకెట్ పాలు తాగి పెరిగినవాణ్ణి. బర్రెను అనడానికి నాకేం తెలుసని!

ఆదివారం పొద్దున వెళ్లాను. ఆయన చాయ్ తాగించి నేరుగా ఏటి ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆమె కూడా గడ్డిమోపుతో వెనకే వచ్చింది. అవతల ఇసుకదిబ్బ మీద ఒక మొసలి నోరు బార్లా తెరిచి ఎండ కాచుకుంటోంది. ఇవతల బర్రె నెమరేస్తోంది. "పోయిన ఎండకాలం గా మొసలి దీని దుడ్డెపిల్లను పట్టవస్తే, ఇది కొమ్ములతోని కుమ్మి ఎల్లగొట్టింది. ఇప్పుడు చెప్పు పిలగా, రెండిట్ల ఏది గట్టిది?" అన్నాడు మీసం దువ్వుతూ. బర్రే అనేస్తే పెళ్లయిపోయేది. కానీ తనిఖీ చేయకుండా మాట ఇవ్వడం నా ఉద్యోగానికే అవమానం కదా! "పొడుగుల మొసలి, బరువుల బర్రె. ఇగ పండ్లు సూడాలె మామా" అన్నాను. మొసలి పళ్లు ఇక్కడికే కనిపిస్తున్నాయి, మేకులు దిగ్గొట్టినట్టు. బర్రె పెదవి ఎత్తి చూశాను. పైదవడకు ముందు ఒక్క పన్నూ లేదు!

"మామా, మిమ్మల్ని మోసం జేసిండ్రు. ముసలి బర్రెను అంటగట్టిండ్రు. మొసలే గట్టిది" అన్నాను, ఎంతో జాలిగా.

ఆయన ముఖం కందగడ్డయింది. "ఇది మా కొట్టంల పుట్టింది! ఏ బర్రెకన్న పైన ముందు పండ్లుంటయా? గంత తెల్వనోనికి బిడ్డనెట్లిస్త? పో, బస్సెక్కు!" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. ఆమె గడ్డిమోపు కింద పడేసి పడీపడీ నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "నాయినా, గాయనకు బర్రె సంగతి తెల్వదు, నిజమే. గని పిల్లనడగొచ్చి నీ బర్రెకే వంక పెట్టిండు సూడు! అబద్ధాలాడేటోడైతే నిన్ను ఉబ్బిచ్చి ఎప్పుడో ఒప్పిచ్చుకునేటోడు" అంది. ఆయన బర్రెను చూశాడు, నన్ను చూశాడు. "నెల దినాలు ఐతారం ఐతారం వచ్చి దీని పెండ తియ్యి. అప్పుడు సూద్దాం" అన్నాడు. తీశాను. నాలుగో ఆదివారం బర్రె నా చెయ్యి నాకింది. ఆయన చూడనట్టే ఉండి, మరునాడు ముహూర్తం పెట్టించాడు.

ఇన్నేళ్లలో నాకు లౌక్యం అబ్బింది. మొన్న ఆమె చేసిన పప్పులో ఉప్పే లేదు. "మస్తుగున్నది" అంటూ మారు వడ్డించుకున్నాను. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా వంక కాసేపు చూసి, "నేను లగ్గం చేసుకున్న పిలగాడు గిట్ల లేకుండె" అంది. నిజమే, వాడు ఇలా ఉండేవాడు కాదు, ఉత్త తెలివితక్కువవాడు. అయినా ఆమె దొరికింది వాడికే, నాకు కాదు.