దమయంతి మేడమ్ చింపనివ్వని పేజీ

వేడెక్కిన ఇప్పనూనె వాసన ఈ ఉదయం గోడ దాటి మా వరండాలోకి వచ్చింది. పక్కింటి కవిత తన పదకొండు నెలల బిడ్డ కోసం తొలిసారి సబ్బు చేయబోతోంది. నేను వెళ్ళేసరికి ఆమె ఫోన్లోని వీడియోలో ఎవరో నవ్వుతూ, ఏ నూనె అయినా ఫరవాలేదు, సోడా కొలత ఇదే అని చెబుతున్నారు. బాధ్యత లేని ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

"కాస్టిక్ సోడా కలపలేదు కదా?" అని అడిగాను.

"ఇంకా లేదు తాతా. ఏంది, గట్ల బుగులు పడుతున్నవ్?"

ఆగమని చెప్పి, ఇంటికొచ్చి పాత రికార్డు పుస్తకం వెతికాను.

దమ్మపేట వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో నేను స్టోర్‌కీపర్‌గా పనిచేసిన కాలపు పుస్తకమది. దమయంతి మేడమ్ అక్కడ వార్డెన్. ఆ ఏడు సబ్బుల సరఫరా ఆగిపోయింది. పిల్లల ఒంటినిండా గజ్జి. పై అధికారులకు నేను పంపిన ఏడు ఉత్తరాల నకళ్ళూ నా దగ్గరున్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ నిర్లక్ష్యాన్ని నేటికీ క్షమించలేను.

"ఉత్తరాలతోటి పిల్లల ఒళ్ళు కడుగుతమా సారూ? మనమే చేద్దాం," అన్నారు మేడమ్.

సబ్బు చేసే పద్ధతిని ఎంచే పని నాకు అప్పగించారు. మూడు సేకరించి, అంకెలు స్పష్టంగా ఉన్నదాన్ని ఎంచుకుని ఈ పుస్తకంలోకి ఎక్కించాను. అది కొబ్బరినూనెకు రాసినది. గూడేల నుంచి తల్లులు తెచ్చి ఇచ్చింది ఇప్పనూనె. నూనెలన్నీ ఒకటే అనుకుని, సోడా మాత్రం గ్రాము తేడా లేకుండా తూచాను. చక్కగా రాసి ఉన్న అంకె సరైనదే అయి ఉంటుందన్నది నా భ్రమ.

నెల ఆరబెట్టాక పిల్లలు బకెట్లతో వరుస కట్టారు. మేడమ్ వాళ్ళను ఆపి, ముందు తానే మోచేతి దాకా రుద్దుకున్నారు. చర్మం ఎర్రగా కందింది, మధ్యాహ్నానికి పొక్కింది.

"ఇది ఏ నూనెకు రాసిన లెక్క సారూ?"

"కొబ్బరినూనెకు."

"మరి మనం పోసిందేంది?"

సిగ్గుతో ఆ పేజీ చింపబోయాను. ఆమె పుస్తకం మీద అరచేయి ఆనించారు.

"చింపకున్రి. నా చెయ్యి కాలిందని అండ్ల రాయున్రి. రేపు ఇంకొకలు గిట్లనే చెయ్యకుంట ఉంటరు. మీ చేతిరాత మస్తుంటది కద, తప్పును సుత గంతే సక్కగ రాయున్రి!"

అలాగే రాశాను. కొబ్బరినూనెకు పట్టే సోడాలో దాదాపు ముప్పావు వంతే ఇప్పనూనెకు సరిపోతుందని, మిగిలిపోయిన సోడాయే చేతిని కాల్చిందని తరువాత తెలుసుకుని మరో పేజీ రాశాను.

ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ పక్కింటికి వెళ్ళాను. "సరైన లెక్క చెప్పు తాతా, సాలు," అంది కవిత.

"చెప్తా. ముందిది చదువమ్మా," అని చెయ్యి కాలిన సంగతి రాసిన పేజీ తీసి ఇచ్చాను.

ఆమె చదివింది. చంకలోని బిడ్డ వైపు చూసి, పొయ్యి ఆర్పింది. "మేడమ్ చెయ్యి మానిందా?" అని మెల్లగా అడిగింది.

"చాలా రోజులు పట్టింది," అన్నాను.

ఆ తరువాతే సరైన లెక్క ఉన్న పేజీకి తిప్పాను. ఆ రెండు పేజీలనూ నేను ఎవరికీ విడివిడిగా చూపను.