వెనక్కి కట్టుకున్న చేతులు

బందరులోని మా ప్రెస్‌కి పామిడిముక్కల నుంచి ఒక తెలుగు మాస్టారు బస్సులో వచ్చేవారు. ఎవరింట పెళ్లయినా, ఎవరు రిటైరైనా అభినందన పద్యాలు ఆయనే రాయాలి. వధూవరుల పేర్లు పద్యంలో ఇమిడేదాకా బల్ల మీద వేళ్లతో దరువేస్తూ కూర్చునేవారు. రాశాక ఎవరైనా కవరు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవారు.

"సరస్వతిని అమ్ముకోకూడదండీ."

ఊరంతా ఆయన్ని మహానుభావుడనేది. మహానుభావుడంటే ఊరికే రాసిపెట్టేవాడని మా ఊళ్లో అర్థం. నేను మాత్రం పద్యాలకని పార్టీల దగ్గర విడిగా వసూలు చేసి, ఆయనకు టీ తాగించేవాణ్ణి.

ఒకరోజు ఒక పెళ్లికొడుకు తండ్రి ఆయన ముందే నాతో అనేశాడు: "పద్యాలకి మరీ అంత తీసుకున్నారేంటండీ?"

మాస్టారు నా వైపు చూసి, టీ గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మళ్లీ వచ్చింది తన పద్యాలు పుస్తకంగా వేయించుకోవడానికే. ఎంతవుతుందో చెప్పాను. తగ్గించమనలేదు. పెన్షన్ డబ్బులు తీసి నా ముందు పెట్టారు.

"కాగితానికి ధర ఉంటుంది కదండీ" అన్నారు.

ఆ రోజు చేతులు వెనక్కి కట్టుకోవాల్సింది నేను. నోట్లు లెక్కపెట్టుకున్నాను.