సీసాలో తెల్లబడ్డ రొయ్యకు రంగు

"వదినె, నాకు మంచిగ యాదికున్నది. ఆ ఎర్ర పోగు ఇటియ్యి, నేను పోత."

"యాదికుంటే నిన్న ఒకటి, ఇయ్యాల ఒకటి ఎందుకు తీస్తివి?"

"రెండూ ఎరుపే గదనే!"

"వట్టి ఎరుపు అని చెప్పనీకి నా దాంక ఎందుకొచ్చినవ్? ఆ మాట మీ సారుకు నోటితోనే చెప్పొచ్చు. నా లక్క ఎందుకు ఖరాబు చేయిస్తివి?"

"తుక్కు పోగులకు గింత పంచాయితా?"

"తుక్కయినా రంగు తాగుతది నాయనా. గాలి తాగి ఎర్రగ కాదు."

జర్మనీతో రెండో పెద్ద యుద్ధం మొదలై, అంగడిలో జర్మనీ రంగు డబ్బాలు దొరకకుండా పోయిన ఏడాది అది. రాజోలిలో మా పెరట్లో, రంగు గంగాళం పక్కన నిలబడి నేనూ మా మరిది నర్సిములూ ఇట్ల కొట్లాడుకున్నం. నా పెనిమిటి మగ్గం మీద గద్వాల చీరలు నేస్తడు. వాటి అంచులకు, కొంగులకు పట్టు పోగుకు రంగు వేసేది నేను. బడికి పోయింది రెండేండ్లే. అక్షరాలు వచ్చినంక మా అమ్మ గంగాళం దగ్గర కూసోబెట్టింది. రంగు పని గురించి అడిగేటోళ్లకు నేను చెప్పే ముచ్చట మాత్రం చీరది కాదు, రొయ్యది.

నర్సిములు మా ఇంటి నుంచి పెద్ద చదువు చదివిన మొదటోడు. చెన్నపట్నంలో, జంతువులను సీసాలలో దాచి వాటి జాతుల లెక్క రాసే ఆఫీసులో పని. అంతకు ముందటేడు వాళ్లు ఓడ మీద నడి సముద్రానికి పోయి, ఎండ చేరని లోతుకు వల దింపిండ్రట. దొరికిన ప్రతి ప్రాణిని స్పిరిట్ పోసిన సీసాలో పెట్టి, ఎక్కడ దొరికింది, ఎంత లోతు అని చీటీ కట్టాలె. సీసాలో పెట్టిన ప్రాణిని వాళ్లు స్పెసిమెన్ అంటరు, అంటే ఆ జాతికి సాక్ష్యం. సీసాలు నింపుడు, చీటీలు కట్టుడు మా మరిది పని. స్పిరిట్‌లో పడితే రంగు పోతది గనుక, పడక ముందే చూసి బొమ్మ గీసేందుకు వేరే మనిషి ఉన్నడు. ఒక దినం ఓడ ఊగుడుకు ఆయన వాంతులు పట్టి పండుకున్నడు. ఆ దినమే ఒక ఎర్ర రొయ్య వచ్చింది. బతికి ఉండగ దాన్ని దగ్గరగ చూసింది నర్సిములు ఒక్కడే.

"మా ఏటి రొయ్య పొయ్యి మీద పెడితే గని ఎర్రగ కాదు. నీ రొయ్య చన్నీళ్లలనే ఎర్రగున్నదా?" అని నేను నవ్విన.

"అంత లోతుల దినమంతా చీకటే వదినె. ఆ చీకట్ల ఎరుపు కనపడదు. అందుకే అక్కడి రొయ్యలు చాన మట్టుకు ఎర్రటియే" అన్నడు.

ఇప్పుడది సీసాలో ఉడికిన సేమ్యా తీరుగ తెల్లగ ఉన్నదట. అసలు చిక్కు అదే. వాళ్ల పెద్ద సారు దాన్ని ముందు నుంచి తెలిసిన ఒక జాతిలో కలపబోతుండు. ముక్కు మీది కొమ్ము, ఆ కొమ్ముకున్న రంపపు పండ్లు రెండింటికీ ఒకటే తీరట. పాతది ఒళ్లూ కాళ్లూ ఒకటే ఎరుపు. మావాడు చూసిన దాని కాళ్లు వేరే రంగు. "వేరే అంటే ఏ రంగు? ఒంటిదీ కాళ్లదీ నమూనా చూపించు. నువ్వు సెలవు నుంచి వచ్చినంక నీ కాగితం చూసి పేరు రాస్త" అన్నడట సారు. చూపకపోతే ఆ రొయ్య పాత పేరు కిందికి పోతది. మళ్ల దాని మాట ఎత్తేటోడు ఉండడు.

అందుకే వాడు నా దగ్గరికొచ్చిండు. రంగుకు మాట చాలదని మా పనిలో అందరికీ తెలుసు. నాగర్‌కర్నూలు దిక్కు అడవి నుంచి వచ్చే లక్కను దంచి, నానబెట్టి, వడగట్టి, చింతపులుసు, పటిక వేసి కాగబెడతం. మొదటి నీళ్లలో ముంచిన పట్టు ముదురు ఎరుపు. మిగిలిన నీళ్లు నేను పారబొయ్య. రెండోసారి ముంచితే ఇంకో ఎరుపు, మూడోసారికి మరొకటి. మోదుగు పువ్వు నీళ్లలో తీసి లక్కలో ఒక్క ముంపు ముంచితే కాషాయం తీరు. ఒక్క గంగాళంలో ఇన్ని ఉంటే, 'ఎరుపు' అన్న మాట ఎవరికి అక్కరకొస్తది?

వనపర్తి నుంచి వచ్చే ఆడోళ్లు కొందరు "మా అత్త చీర అంచు రంగు కావాలె" అంటరు. చీర తేరు. అట్లాంటోళ్లకు నాది ఒకటే పద్ధతి. నాలుగైదు పోగులు నీడకు ఆరబెట్టి, కొసకు నాకు తెలిసేటట్టు ముడులు వేసి, ఆ కొసలు వాళ్లకు కనపడకుండ మడిచి, పోగులు కలిపి పెడత. పొద్దున ఒకటి తియ్యమంట. తెల్లారి మళ్ల కలిపి మళ్ల తియ్యమంట. రెండుసార్లూ ఒకటే తీస్తే వాళ్ల కన్ను నమ్మి రంగు వేస్త. లేదంటే చీర తెచ్చి చూపమని పంపిస్త. పట్టు మీద ఎక్కిన రంగు మనం ఎంత బాధపడ్డా దిగదు.

మా మరిదికీ అదే పద్ధతి పెట్టిన. ఒంటి రంగుకు ఎర్ర పోగులు ఒక దిక్కు. కాళ్ల రంగుకు వేరే పోగులు ఒక దిక్కు, వాటిలో కావాలనే ఒంటి ఎరుపులు కూడా కలిపిన. కాళ్ల పోగు రెండు పొద్దులూ ఒకటే తీసిండు. ఒంటిది మాత్రం మొదటి పొద్దు మొదటి నీళ్లది, తెల్లారి మూడో నీళ్లది. ముడులు విప్పి చూపిస్తేనే మొదట చెప్పిన కొట్లాట మొదలైంది.

కోపం దిగినంక వాడు గట్టు మీద కూసొని మెల్లగ అన్నడు: "వదినె, ఎండిన రొయ్యను నేను చూడలే. వల మీదికి రాంగనే, నీళ్లు కారుతుంటె చూసిన. నువ్వు ఎండిన పోగు చూపి గుర్తు పట్టమంటున్నవ్."

తడి పోగును నమ్మొద్దు, తడిసిన రంగు ముదురుగ కనపడి మోసం చేస్తది అని మా అమ్మ నేర్పింది. చీర ఎండినంకనే కడతరు గనుక అది సరే. నీళ్లలో బతికిన దానికి ఆ లెక్క ఎట్ల కుదురుతది?

"ఆ మాట నిజమే. రేపు పొద్దున తెల్ల పింగాణి పళ్లెంల నీళ్లు పోసి, అండ్ల పెడ్త. కాని జర విను. రేపు గూడ ఒంటిది వేరే తీస్తే, ఎర్ర పోగు నీ చేతికియ్య."

"ఒంటి రంగు లేకుండ పోతే నా రొయ్య పోయినట్టే వదినె."

"నీ చేతుల తప్పు రంగు పెడితే ఎల్లకాలం తప్పే ఉంటది. నేను వేసిన చీర చినిగిపోతది. మీ ఆఫీసుల రాసిన కాగితం ఎప్పటికీ ఉంటది గద?"

లోపల మగ్గం ఆగింది. "సముద్రంల పుట్టిన దానికి రాజోలిల తొట్టెల పండుగ చేస్తుండ్రు. పేరు పెట్టుడు అయితే ఇంత బువ్వ పెట్టుండ్రి" అన్నడు నా పెనిమిటి. ముగ్గురం నవ్వినం.

రంగు వేసుడు ఎవరైనా నేర్చుకుంటరు. తెలియని రంగు వెయ్యనని గిరాకీ మొకం మీద చెప్పుడు కష్టం. ఇంటోడే గిరాకీ అయితే ఇంకా కష్టం. ఇంటోడికి కాదని చెప్పుడు నాకు నేర్పింది చీరలు కాదు, ఈ రొయ్య.

తెల్లారి, మానవపాడు టేషనుకు పోయే బండి వాకిట్లో నిలబడ్డది. పళ్లెంలో నీళ్లు పోసి ఎర్ర పోగులు పరిచిన. నర్సిములు చానసేపు చూసి ఒకటి తీసిండు. ముడులు చూస్తే రెండో నీళ్లది. ముడులు వాడికీ చూపిన. వాడే దాన్ని పళ్లెంలో పెట్టేసిండు. తరువాత కాళ్ల పోగులు వేసిన. చెయ్యి ఎక్కడా ఆగకుండా మునుపటిదే తీసిండు, మోదుగులో తీసి లక్కలో ఒక్క ముంపు ముంచింది. పక్కన ఎరుపులు ఉన్నా వాటి దిక్కు చూడలే.

గడప మీద కూసొని కాగితం మీద రాసి నాకు చదివి వినిపించిండు: "ఒళ్లు ఎరుపు. ఏ ఎరుపో నిశ్చయముగా జ్ఞాపకము లేదు. కాళ్ల రంగు ఒంటి మీది రంగు కాదు. ఈ పోగు రంగు. నీటిలో తడిపి చూడవలెను."

కాళ్ల పోగు బెత్తెడు కత్తిరించి ఆ కాగితంలో మడిచి ఇచ్చిన. వాడు బండెక్కిండు. నేను ఎర్ర పోగులు పిండి నీడకు ఆరేసిన.