గెలిచినవాడు లేవాలి

పోయిన వారం మా అమ్మాయి యూనిఫాం గుడ్డ కోసం గిద్దలూరులో ఒక బట్టల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు గుడ్డ తాను విప్పి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చించాడు. కొత్త గుడ్డ గంజి వాసన గుప్పుమంది. ఆ వాసనకి అందరికీ పండగలో, బడి తెరిచే రోజులో గుర్తొస్తాయి కాబోలు. నాకు మాత్రం వీడియో గేములు గుర్తొస్తాయి. నా బొటనవేళ్ళు రెండూ వాటంతట అవే గాలిలో బటన్లు నొక్కడం మొదలుపెట్టాయి. "ఏంది నాయనా, వేళ్ళు అట్ల ఆడిస్తా ఉండావు?" అంది మా అమ్మాయి. ఏం లేదమ్మా అన్నాను. ప్రమీలక్క సంగతి దుకాణంలో నిలబడి చెప్పేది కాదు.

ప్రమీలక్క మార్కాపురంలో ఒక బట్టల వ్యాపారి ఇంటి కోడలు. కింద దుకాణం, పైన మేడ. మేడ మీద పాత తానులు, ఎలుకలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆమె దాన్ని ఖాళీ చేయించి గేమ్ సెంటర్ పెట్టింది. ఎడమ గోడ వారన రెండు టీవీలు, వాటికి ప్లేస్టేషన్లు. కుడి గోడ వారన నాలుగు కంప్యూటర్లు. ఇంటి కోడలు ఇలాంటి వ్యాపారం చేయడం ఆ వీధికి కొత్త. ఆమె మామగారిని ఊరంతా శెట్టిగారు అనేవారు. ఆయన కాదనలేదు గానీ ఒక షరతు పెట్టాడు. మేడ మీద నుంచి ఒక్క గొడవ కింద దుకాణంలోకి వినపడితే, ఆ రోజే తాళం. ఆయన అన్న మాట తప్పే మనిషి కాదు. అందుకని ఆ మేడ మెట్లెక్కిన ప్రతివాడికీ ఆమె ముందుగా ఈ సంగతే చెప్పేది.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి, తర్లుపాడులో ఇంట్లో కూర్చుని, నాయన చూపులకి దొరక్కుండా తిరుగుతున్న రోజులవి. కంప్యూటర్లు చూసుకునే మనిషి కావాలంటున్నారని తెలిసి వెళ్ళాను. సర్టిఫికెట్లు తీయబోయాను. ఆమె వాటి వంక చూడకుండా ఒక గుడ్డముక్క నా చేతికిచ్చింది. కింద దుకాణంలో తానుల చివర మిగిలిన మల్లు గుడ్డ ముక్క, ఇంకా గంజి వాసన పోలేదు.

"ముందర చేతులు తుడుచుకో నాయనా," అంది.

తుడుచుకుంటుంటే నా వేళ్ళ వైపే చూసింది. "నీది కంప్యూటర్ చెయ్యి. మణికట్టు బల్ల మీద ఆనించి కూచునేటోడివి. రేప్పొద్దున్నించి వచ్చేయ్."

తర్వాత తెలిసింది, అది అందరికీ జరిగే మర్యాదేనని. చెమట చేతులతో బటన్లు పాడవుతాయని ఆమె వచ్చిన ప్రతివాడికీ గుడ్డముక్క ఇచ్చేది. వాడు తుడుచుకునే లోపల ఎటు గోడకి పంపాలో తేల్చేది. పలకల కోసం రాయి కోసే పని చేసే కుర్రాళ్ళ వేళ్ళు మొద్దుబారి, కోతలు పడి ఉండేవి. వాళ్ళు కీబోర్డు ముందు కూర్చుంటే ఒక బటన్ నొక్కబోయి మూడు నొక్కేవారు. వాళ్ళని టీవీ వైపు పంపేది. రెండు చేతుల్లో నిండుగా పట్టుకునే రిమోటు వాళ్ళకి వాటంగా ఉండేది. పాలిటెక్నిక్ పిల్లలు కంప్యూటర్ వైపు వెళ్ళేవారు. వాళ్ళకి ఆట కంటే ఆటలో సెట్టింగులు మార్చుకోవడమే సగం ఆట. ఒకసారి టైపింగ్ నేర్పే ఒకాయన వస్తే, సూటిగా కంప్యూటర్ చూపించింది. ఆయన దణ్ణం పెట్టి, "రోజంతా కొట్టేది అదే కదమ్మా, నన్ను టీవీ కాడ కూచోనియ్యి," అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వింది. "చెయ్యి చూసినా గానీ, ఆ చెయ్యి దేంతో యిసిగిపోయినాదో చూల్లేదు శీనా," అంది నాతో.

ఆ మేడకి ఇంకో పద్ధతి ఉండేది. మామూలుగా ఎక్కడైనా ఓడినవాడు లేస్తాడు, గెలిచినవాడు కూర్చుంటాడు. ఆమె దగ్గర గెలిచినవాడు లేవాలి. ఓడినవాడు రిమోటు వదలక్కర్లేదు. నాకిది మొదట్లో తిక్కగా అనిపించింది. గెలిచినవాడికి శిక్షేమిటక్కా అని అడిగాను.

"గెలిచినోనికి ఇంగ పనేముంది? నేర్చుకోవాల్సినోడు కూచోవాల. ఓడి లేసినోడు మెట్ల మీద తిట్టుకుంటా పోతాడు. గెలిచి లేసినోడు నవ్వుకుంటా పోతాడు. మా మామకి కింద ఏది వినపడాలంటావు?"

నేను మాత్రం కంప్యూటర్ పక్షం. ప్లేస్టేషన్ అంటే నాకు లోపల కొంచెం చిన్నచూపు. అందులో ఏదీ మార్చుకోలేం, డబ్బా వాడు ఇచ్చింది ఆడుకోవాలి. మా వైపు కిరణ్ అని పాలిటెక్నిక్ కుర్రాడు ఉండేవాడు, వాడిది నా కంటే పెద్ద నోరు. టీవీ వైపు పెద్దదిక్కు ఓబులేసు. కొమరోలు నుంచి వచ్చేవాడు, ఇంట్లో గొర్రెలు. మార్కాపురంలో ఏదో పని పెట్టుకుని, అది ముగించుకుని, బస్సుకి టైముందని మేడెక్కేవాడు. ఫుట్‌బాల్ ఆటలో అతన్ని ఓడించినవాడు లేడు, అందుకని ఆ మేడ మీద అందరికంటే ఎక్కువసార్లు కుర్చీలోంచి లేచింది కూడా అతనే.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఒక గోడకే చాలేది. టీవీలు పెడితే కంప్యూటర్లు ఆపాలి, కంప్యూటర్లు పెడితే టీవీలు ఆపాలి. ఆ రోజు రెండు వైపులా మనుషులు నిండుగా ఉన్నారు. ఫ్యాన్లు ఆగాయి, చెమటలు పట్టాయి, నోళ్ళు లేచాయి.

"మాది సగం ఆటలో ఉండాది. మాకే పెట్టాల," అన్నాడు కిరణ్.

"నేను బస్సు పట్టుకోవాల. నువ్వు ఊళ్ళోనే ఉండేటోడివి, సాయంత్రం ఆడుకో," అన్నాడు ఓబులేసు.

"మీది ఒక ఆటనా అన్నా? తుపాకీ దానంతటదే గురి చూసుకుంటాది. మీరు బటన్ నొక్కడమే."

"మీది ఆటనా, పరీచ్చనా? టకటకా కొడతా కూచుంటారు, మొకాన నవ్వుండదు."

నేను కూడా ఊరుకోలేదు, కిరణ్‌కి రెండు మాటలు అందించాను. ఓబులేసు లేచి నిలబడ్డాడు. కిరణ్ కుర్చీ వెనక్కి నెట్టాడు. కింద దుకాణంలో పెళ్ళి చీరలు చూసేవాళ్ళు ఉన్నారు. ప్రమీలక్క ముఖం తెల్లబోయింది. అంత భయం ఆమెలో నేను అంతకు ముందు చూడలేదు. ఇంకో మాట గట్టిగా పడితే మేడకి తాళం పడుతుందని నాకూ అప్పుడే తలకెక్కింది.

ఆమె గొంతు పెంచలేదు. గుడ్డముక్కలు తీసుకొచ్చి అందరికీ తలా ఒకటి ఇచ్చింది. "తుడుచుకోండి. టీవీలే పెడతా. అయితే టీవీల ముందర కంప్యూటరోళ్ళు కూచోవాల. కరెంటు వచ్చినాక కంప్యూటర్ల కాడ టీవీవోళ్ళు. ఇష్టం లేనోళ్ళు ఇప్పుడే మెట్లు దిగండి."

ఎవరూ దిగలేదు. కిరణ్ రిమోటు పట్టుకున్నాడు, పక్కన నేను. ఆట మొదలయింది. వాడి ఆటగాడు బంతిని వదిలేసి మైదానం చివరికి పరుగు తీశాడు. నావాడు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాడు. ఏ బటన్ ఎక్కడుందో చేతిలోకి చూసుకుని తలెత్తేసరికి బంతి ఇంకెక్కడో ఉండేది. చివరికి కిరణ్ తన గోల్‌లోకే బంతి కొట్టుకుని, "కొట్టినా!" అని చేతులు పైకెత్తాడు. మేడ మొత్తం పగలబడి నవ్వింది. ఓబులేసు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కిరణ్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని వాడి చేతుల మీద చేతులు వేశాడు. "ఆ యేలు కాదు తమ్ముడా, కింద యేలు. గట్టిగా నొక్కబాక, అది పారిపోదులే."

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. శెట్టిగారు, చేతిలో గుడ్డ కొలిచే ఇనుప బద్ద. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏంది ప్రమీలా ఈ గోల?"

"గొడవ కాదు మామా. నవ్వినారు."

"కింద బేరం జరుగుతా ఉండాది. చప్పుడు చప్పుడే."

ప్రమీలక్క కుర్చీ ముందుకు జరిపింది. "ఒక్కసారి కూచోండి మామా. ఇది గొడవో కాదో మీరే చూడండి. ఆ తర్వాత మూసేయమంటే ఇప్పుడే మూసేస్తా."

ఆయన కూర్చున్నాడు. ఆమె ఆయనకీ గుడ్డముక్క ఇచ్చింది. తన దుకాణం గుడ్డని ఆయన అలవాటుగా వేళ్ళ మధ్య నలిపి చూసి, చేతులు తుడుచుకున్నాడు. రిమోటు ఇస్తే తలకిందులుగా పట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన బటన్లు రెండు నొక్కి, విసుగ్గా ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రమీలక్క నా వైపు చూసింది. ఓబులేసు తన జేబులోంచి ఫోన్ తీసి, రంగు పూసలు జరిపి వరసలో పెట్టే ఆట ఒకటి తెరిచి ఆయన చేతిలో పెట్టాడు.

జీవితమంతా తానుల మడతల మీద వేలు జార్చిన మనిషి ఆయన. ఆ వేలు అద్దం మీద ఎంత సులువుగా జారిందంటే, మేమంతా చుట్టూ మూగి చూశాం. ఒక వరస పోయింది, ఇంకో వరస పోయింది. కరెంటు వచ్చి ఫ్యాన్లు తిరిగినా ఆయన తలెత్తలేదు. కింద నుంచి గుమాస్తా పిలిచాకే ఫోన్ తిరిగిచ్చి, బద్ద తీసుకుని లేచాడు. మెట్ల దగ్గర ఆగి, "నవ్వేటప్పుడు తలుపు దగ్గరికేసుకోండి," అన్నాడు. ప్రమీలక్క గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ తర్వాత చాలా కాలం మేడ బాగా నడిచింది. కిరణ్, ఓబులేసు ఒకరి గోడకి ఒకరు తిరిగేవారు. శెట్టిగారు సొంతంగా ఫోన్ కొనుక్కున్నాడు. బేరాలు లేనప్పుడు గల్లాపెట్టె దగ్గర పూసలు జరుపుకునేవాడు. ప్రమీలక్కకి మాత్రం ఫోన్ ఆట గిట్టేది కాదు. "టీవీ ముందర ఇద్దరు భుజాలు తగిలేటట్ల కూచుంటారు. కంప్యూటరోళ్ళు ఎవురి తెర వాళ్ళు చూసుకున్నా, ఒకర్నొకరు తిట్టుకోనన్నా తిట్టుకుంటారు. ఇది చేతిలోకొస్తే మనిషి తల వంగిపోతాది శీనా," అనేది. అయినా ఫోన్ ఆట ఎవరికి పనికొస్తుందో కూడా తనే చెప్పేది. గొర్రెలు కాసేవాడు టీవీ మోసుకుపోలేడు కదా అనేది.

కొన్నేళ్ళలో ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాయి. పలకల పని కుర్రాళ్ళు మానేశారు, కాలేజీ పిల్లలు మానేశారు. గిద్దలూరు బస్టాండులో ఒకసారి ఓబులేసు కనపడ్డాడు. స్తంభానికి ఆనుకుని ఫోన్‌లో ఏదో ఆడుతున్నాడు. "ఇప్పుడు మెట్లెక్కే పని లేదు కదన్నా," అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ. ఒక మధ్యాహ్నం నేను, ప్రమీలక్క ఊరికే కూర్చుని ఉంటే శెట్టిగారు మెట్లెక్కి వచ్చాడు. ఖాళీ కుర్చీలు చూశాడు.

"ఏంది ప్రమీలా, చప్పుడే లేదు?"

"ఎవురూ రాలేదు మామా."

ఆయన తన చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగిపోయాడు. తాళం వేయమని ఆయన అనలేదు. ప్రమీలక్కే వేసింది.

మూసే రోజు సామాను సర్దుతుంటే, ఒక టీవీ ఉంచమంది. అన్నేళ్ళలో ఆమె ఒక్క ఆటా ఆడలేదు. గుడ్డముక్కతో చేతులు తుడుచుకుని, నా ముందు చాచింది. "నువ్వు చూసి చెప్పు. నాదేం చెయ్యి?"

చీరలకి ఫాల్ కుట్టి కుట్టి సూది గుచ్చుకున్న వేళ్ళు. ఆ వేళ్ళకి కంప్యూటరే సరి. కానీ ఆమె కోరుకున్నది పక్కన ఇంకో మనిషిని. "టీవీ చెయ్యి అక్కా," అన్నాను. ఆమె ముఖం విప్పారింది. ఇద్దరం భుజాలు తగిలేలా కూర్చుని ఆడాం. ఓడిపోదామా అని ఒక క్షణం అనుకున్నాను. ఊరికే వదిలితే ఆమె కనిపెట్టి తిడుతుంది. సరిగ్గానే ఆడాను, గెలిచాను.

"గెలిచినావు కదా," అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "లెయ్."

లేచాను. తర్లుపాడు బస్సుకి టైమయింది. మెట్ల మీద నుంచి తిరిగి చూస్తే, పక్క కుర్చీ ఖాళీగా పెట్టుకుని, రెండు చేతుల్లో రిమోటు పట్టుకుని ఆమె అలాగే కూర్చుని ఉంది.

ఇప్పుడు నేను పొదిలిలో ఒక బడిలో కంప్యూటర్లు చెబుతాను. ల్యాబ్‌లో మిషన్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. తలుపు దగ్గర గుడ్డముక్కల బుట్ట ఉంటుంది, చేతులు తుడుచుకున్నాకే లోపలికి రావాలి. ముందుగా పూర్తి చేసినవాళ్ళు లేవాలి, రానివాళ్ళు కూర్చోవాలి. లేచినవాడు ఊరికే పోకూడదు, పక్కవాడి వెనక నిలబడాలి. మొన్న ఒక పిల్ల చకచకా ముగించి, లేవమంటే మూతి ముడుచుకుంది. "గెలిస్తే లేపేస్తారేంది సార్?" అంది. ఆమె లేచిన కుర్చీ పక్కన, ఇంకా ఏమీ రాని పిల్ల మౌస్ పట్టుకుని తెర వంక చూస్తోంది. "ఆ పిల్ల ఒక్కతే కూచోనుంది కదమ్మా, పోయి పక్కన నిలబడు," అన్నాను. మేడ మూసిన రోజు నేను చేయాల్సింది కూడా అదే. ఆ బస్సు పోయినా తర్లుపాడుకి ఇంకో బస్సు ఉంది.